దిగుడు

మొయిజుద్దీన్ సారు రిటైరయిన్నాడు
పాత గుడ్డల చుట్టి ఇచ్చిండు ఈ డిస్కు.
"ముప్పై ఏండ్ల బోర్లున్నయి ఇందుల, పైలం" అన్నడు.
ఎన్ని అంటే మాత్రం చెప్పలే.

నల్లగొండ భూగర్భజల ఆఫీసుల
నేను కాంట్రాక్టు ఆపరేటర్ని.
ఎల్లుండికల్లా హైదరాబాదుకు జాబితా పోవాలె:
ఏ ఊరు, ఏ బోరు, ఎన్ని ఫీట్లు, ఎంత ఫ్లోరైడు.
ఒక్కొక్క ఫోల్డరు మౌసుతోని తెరుచుకుంట పోతే
నా కాంట్రాక్టు అయిపోతది గాని
డిస్కు అయిపోదు.

నల్ల తెర తెరిచి ఏడు వరుసలు రాసిన.
దిగు అని పేరు పెట్టిన.
ఉన్న కాడ ఏమేమున్నయో చెప్పు,
లోపల ఇంకో అర కనిపిస్తే
అండ్లకు దిగి నిన్ను నువ్వే పిలుసుకో.
అంతే, వేరే మంత్రం లేదు.
ఎంత లోతుకు పోతే అన్ని ఖాళీలు ముందుగాల పెట్టుమన్న,
చూసెటోళ్లకు దిగుడుబాయి మెట్ల లెక్క కనపడాలెనని.

ఎంటర్ కొట్టిన.
మొదటి ఊరి కాన్నే బొక్కబోర్ల పడ్డది.
గుండ్ల కుంట అని నడుమ సందు పెట్టి రాసిండు సారు,
నా స్క్రిప్టు రెండూళ్లనుకున్నది.
గుండ్ల అనేది లేదన్నది.
కుంట అనేది లేదన్నది.
కుంట లేని మాట నిజమే,
మొన్ననే మట్టి పోసి ప్లాట్లు చేసిన్రు.
అయినా ఊరు ఊరే గదా,
ఇటొక కొటేషన్ గుర్తు, అటొక గుర్తు పెట్టి
ముక్కల్ని ఒక్క ఊరు చేసిన.
జిల్లాకు గట్ల పెట్టెటోళ్లు లేకపాయె.
బయట మూడయింది,
డిస్కుల ఇంకా ఒక్కటే.

మల్లా ఎంటర్.
ఈసారి దిగింది.

మండలం
  ఊరు
    తండా
      నేనావత్ టీక్యా
        బోరు ఒకటి, నూటా ఎనభై, రాయి
          బోరు రెండు, మూడొందల నలభై, దుమ్ము
            బోరు మూడు, నాలుగొందల ఇరవై, తడి

పక్కపక్కన పెట్టలే సారు,
ఒకదాని కడుపుల ఒకటి పెట్టిండు.
తప్పనుకున్న.
తేదీలు, బాకీ చిట్టీల స్కాన్లు చూసినంక తెలిసింది,
రెండోదాని అప్పు మొదటిదాని అప్పుల్నించే పుట్టింది.
అట్ల తొమ్మిది.
పదోదానికి పాయింటు చూడుమని
వేలిముద్ర వేసిన అర్జీ అడుగున ఉన్నది.

స్క్రిప్టుకు ఆగుమని నేను ఎక్కడా రాయలే.
లోపల అర లేకపోతే
దానంతటదే పైకొస్తది.

మధ్యాన్నం అన్నం తిని వచ్చేసరికి
తెర మీద మునుగోడు మల్లొచ్చింది.
మల్లా మునుగోడు. ఇంకోపారి మునుగోడు.
ఎక్కడనో లోపల మెయిన్ అని ఒక లింకు పెట్టిండు సారు,
అది తలుపు తీసి మొదటి గడప కాడికే తోలుతది.
కంట్రోల్ సీ కొట్టి గొంతు పట్టుకున్న.
లింకయితే దిగకు అని ఒక వరుస పెంచిన.
ఎనిమిది వరుసలు.

పొద్దుగూకినంక
ఇరవై మూడువేల నాలుగొందల పదహారు.
అన్నిట్ల లోతుది ఒకటి:
కొత్తవి, అండ్ల కొత్తవి రెండు,
అండ్ల అసలువి, అండ్ల పాతవి కావు,
గిట్ల పద్నాలుగు మెట్లు దిగితే
మల్లా చూడాలె అని ఒక ఫోల్డరు.
లోపల ఏం లేదు.

ఫోన్ చేసిన.
సారు చానాసేపు మాట్లాడలే.
"ఆ నీళ్లు తియ్యగుండె బేటా.
దోసిట్ల తాగిన.
పరీక్షకు సీసా తెద్దామని జీపు కాడికొస్తే
డ్రైవరు బండి తిప్పిండు."
ఏ ఊరు సారు?
"రాయలేదా నేను?"

పొద్దున ప్రింటు తీసిన.
అన్ని ఖాళీల తర్వాత ఆ వరుస
కాగితం అంచు దాటిపోయింది.
హైదరాబాదుకు పోయిన కట్టల
గింతే పడ్డది,
మల్లా చూ